ఒక తల, మూడు రంగులు: ఇంట్లో వేసుకున్న బ్లీచ్‌కు అయిదు నెలల దిద్దుబాటు

మే నెల మిట్టమధ్యాహ్నం తలకు చున్నీ బిగించి కట్టుకుని ఒక అమ్మాయి మా పార్లర్‌కు వచ్చింది. తిరుపతి ఎండలో చున్నీ కప్పుకోవడం వింత కాదు. లోపలికి వచ్చి ఏసీ కింద కూర్చున్నాక కూడా తీయకపోతే మాత్రం దాని కింద ఏదో జరిగిందని అర్థం. వెంట వాళ్ల అమ్మ ఉన్నారు. "మీరే చూడండమ్మా" అంటూ ఆవిడే ముడి విప్పారు.

కుదుళ్ల దగ్గర రెండు వేళ్ల మందాన పసుపు కలిసిన నారింజ. అక్కడి నుంచి కిందికి ఇటుక రంగు. చివరి జానెడు మేర కాంతి లేని నలుపు. ముఖానికి రెండు పక్కలా వేలాడే పాయలు పాచి పట్టిన గోడలా పచ్చగా ఉన్నాయి. వెనక, మెడకు పైన, అరచేతి వెడల్పున అసలు మందే తగలని జుట్టు. నడినెత్తిన రెండు చోట్ల కందిగింజంత పొక్కులు.

"ఇరవై ఆరు రోజుల్లో మా పెద్దమ్మాయి పెళ్లి. తిరుచానూరులో. ఇది చూడండి ఏం చేసుకుందో" అన్నారు ఆవిడ. అమ్మాయి అద్దం వైపు చూడకుండా ఫోను చూసుకుంటోంది.

పద్నాలుగేళ్లుగా ఈ పని చేస్తున్నాను. ఇంట్లో వేసుకోవచ్చా, పార్లర్‌కే రావాలా అని అడిగేవాళ్లు వారానికి ఇద్దరైనా ఉంటారు. వాళ్లందరికీ చెప్పాల్సిన సంగతులు ఈ ఒక్క తలలోనే కనిపించాయి కనుక, తల్లీకూతుళ్ల అనుమతితో రాస్తున్నాను. ఆనవాళ్లు తెలిసే వివరాలు వదిలేశాను.

టేపుతో కొలిచిన గతం

తల మీద చెయ్యి వేసే ముందు అరగంట మాట్లాడతాను. మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: ఇంతకు ముందు జుట్టుకు ఏమేమి పెట్టారు?

"ఎప్పుడూ ఏమీ లేదక్కా. ఇదే మొదటిసారి" అంది అమ్మాయి.

మనిషి మరిచిపోతుంది, వెంట్రుక మరిచిపోదు. ఇటుక రంగు ఆగిపోయి నలుపు మొదలైన చోటు గీత గీసినట్టు ఉంది. బ్లీచ్ ఒకే జుట్టు మీద అలా గీత గీయదు. ఆ గీతకు అటూ ఇటూ ఉన్న జుట్టు వేర్వేరన్నమాట. కుట్టుపని టేపు తీసి కుదురు నుంచి గీత దాకా కొలిచాను. 30 సెంటీమీటర్లు. తల వెంట్రుక నెలకు సుమారుగా 1 నుంచి 1.25 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. వెనక్కి లెక్క వేస్తే రెండేళ్లు, ఇంకో రెండు మూడు నెలలు.

"రెండేళ్ల కిందట, ఈ రోజుల్లోనే, లేదా కాస్త ముందు, ఏదైనా శుభకార్యం జరిగిందా?" అని అడిగాను.

అమ్మాయికి గుర్తు రాలేదు. వాళ్ల అమ్మకు వచ్చింది. "మా తమ్ముడి గృహప్రవేశం. ఆ రోజు నాకోసం కలుపుకున్న మెహెందీ మిగిలితే దీనికీ పూశాను. అయినా మెహెందీ రంగు కాదు కదమ్మా, ఆకే కదా."

ఈ కేసు మొత్తానికి కీలకం ఆ మాటే. గోరింటాకులో రంగునిచ్చే పదార్థం లాసోన్. అది వెంట్రుకకు ఇచ్చేది ఎరుపు, నారింజ ఛాయలే. అరగంటలో జుట్టును కాటుకలా చేసే పొడి ఏదైనా, ప్యాకెట్ మీద ఎంత పెద్ద ఆకు బొమ్మ ఉన్నా, వట్టి గోరింటాకు కాదు. నల్ల మెహెందీ పేరుతో దొరికే పొడుల్లో సాధారణంగా ఉండేవి పీపీడీ అనే రసాయనం, దాన్ని రంగుగా మార్చే బేరియం పెరాక్సైడ్, వాటితో పాటు కొంత ఆకుపొడి. పీపీడీ వెంట్రుక లోపలికి వెళ్లి అక్కడే పెద్ద రంగు అణువుగా మారి కూర్చుంటుంది. మన సహజమైన నలుపు బ్లీచ్‌కు లొంగినంత తేలిగ్గా ఆ నలుపు లొంగదు. అందుకే పై 30 సెంటీమీటర్లు కరిగి ఇటుక రంగుకు వచ్చినా చివరి జానెడు కదలలేదు.

మాట్లాడుతున్నంతసేపూ ఆవిడ నుదుటి అంచును గోటితో గీరుకుంటున్నారు. జుట్టు మొదలయ్యే చోట, చెవుల ముందు, చర్మం నల్లబడి ఉంది. అడిగితే, "తలకు వేసుకున్న వారం అలాగే ఉంటుంది. వేడి చేస్తుంది, అంతే" అన్నారు. నోట్‌బుక్కులో ఒక మూల రాసుకున్నాను. ఆ రోజు నా దృష్టంతా కూతురి తల మీదే.

ఇంట్లో జరిగింది

ఆ అమ్మాయికి కావలసింది బూడిద ఛాయ ఉన్న లేత రంగు. మొదట అర్థం చేసుకోవలసింది ఇక్కడే. జుట్టు రంగును మేము 1 నుంచి 10 దాకా మెట్లుగా లెక్కిస్తాం. 1 కటిక నలుపు, 10 అతి లేత పసుపు. మనవాళ్ల జుట్టు 1 లేదా 2 దగ్గర ఉంటుంది. బ్లీచ్ వేస్తే నలుపు ఒక్కసారిగా తెలుపు కాదు. ముదురు ఎరుపు, ఎరుపు, నారింజ, పసుపు నారింజ, పసుపు, ఇలా ఒక్కొక్క మెట్టూ ఎక్కుతుంది. బూడిద ఛాయ నిలవాలంటే అరటి తొక్క లోపలివైపు ఉండే పసుపు దాకా తేవాలి. నల్ల జుట్టును అక్కడికి తేవడం ఒక మధ్యాహ్నపు పని కాదు. కొన్ని తలలకు అసలు చేయకూడని పని.

ఆమె కొన్నవి బ్లీచ్ పొడి రెండు ప్యాకెట్లు, 40 వాల్యూమ్ డెవలపర్ సీసా. డెవలపర్ అంటే హైడ్రోజన్ పెరాక్సైడే. 10 వాల్యూమ్ అంటే 3 శాతం, 20 అంటే 6, 30 అంటే 9, 40 అంటే 12 శాతం. పెద్ద నంబరు అయితే పని త్వరగా అవుతుందనుకుంది. అవుతుంది కూడా. కానీ 12 శాతాన్ని బ్లీచ్ పొడితో కలిపి మాడుకు తగిలేలా వేయకూడదు. ఆ పొక్కులు అందుకే వచ్చాయి. దానికి తోడు ఉదయమే షాంపూతో గట్టిగా రుద్ది స్నానం చేసింది. మాడు మీద సహజంగా ఉండే జిడ్డు కొంతైనా అడ్డుగా నిలిచేది, అదీ పోయింది.

కలిపింది స్టీలు గిన్నెలో. స్టీలు గిన్నె వల్లే పాడైందని వాళ్ల అమ్మ నమ్మకం. ఆ గిన్నెను ఇంట్లోంచి తీసేశారట కూడా. నేనూ ప్లాస్టిక్ గిన్నెలోనే కలుపుతాను గానీ, ఈ నేరంలో స్టీలు గిన్నెకు భాగం లేదు.

నేరం చేతిది, గడియారానిది. ముందు వైపు కుదుళ్ల నుంచి మొదలుపెట్టింది. ఒక్క చేత్తో తల మొత్తానికి పూసేసరికి యాభై నిమిషాలు పట్టింది. అంతా అయ్యాక ఇంకో పాతిక నిమిషాలు ఉంచింది. అంటే ముందున్న పాయల మీద మందు గంటంపావు పని చేసింది, వెనక్కి పాతిక నిమిషాలే. పైగా కుదురు దగ్గర మాడు వేడికి బ్లీచ్ వేగంగా పని చేస్తుంది. అందుకే మేము కుదురును వదిలి వెంట్రుక మధ్య నుంచి మొదలుపెట్టి, కుదురుకు చివర్లో వేస్తాం. ఆమె ఎక్కువ వేడి ఉన్న చోట అన్నిటికంటే ముందు వేసింది. మిగతా చోట ఫ్యాన్ గాలికి మందు ఎండిపోయింది. ఎండిన బ్లీచ్ పని చేయదు. మే నెల తిరుపతిలో ఫ్యాన్ ఆపుకుని కూర్చోమని ఎవరికైనా ఎలా చెబుతాం?

కడిగాక నారింజ కనిపించింది. భయపడి సాయంత్రం ఊదా రంగు షాంపూ తెచ్చింది. ఊదా పసుపును అణచుతుంది, నారింజను అణచేది నీలం. ఫలితం లేకపోయేసరికి మర్నాడు బూడిద ఛాయ రంగు ట్యూబు తెచ్చి మొత్తానికి పూసింది. ఆ రంగుకు ఆధారం నీలం. ముందరి పాయలు అప్పటికే పసుపుకు వచ్చి, స్పాంజిలా ఏది పూస్తే అది పీల్చే స్థితిలో ఉన్నాయి. పసుపు మీద నీలం పడితే ఏమవుతుందో ఒకటో తరగతి పిల్లలకు కూడా తెలుసు.

తీగపాకం

ముఖం పక్కన పాయ నుంచి నాలుగు వెంట్రుకలు తీసుకుని, తడిపి, రెండు వేళ్ల మధ్య మెల్లగా లాగాను. ఆరోగ్యంగా ఉన్న తడి వెంట్రుక మూడో వంతు దాకా సాగి, వదిలితే మళ్లీ వెనక్కి వస్తుంది. ఇది తీగపాకంలా సాగింది. వదిలాను. వెనక్కి రాలేదు. అలాగే వేళ్ల మధ్య మెత్తగా వేలాడి, ఇంకొంచెం లాగేసరికి చప్పుడు లేకుండా తెగింది. వెంట్రుకకు బలమిచ్చేవి లోపలి గంధకపు బంధాలు. బ్లీచ్ రంగును కరిగిస్తూ వాటినీ తెంచుకుంటూ పోతుంది. అప్పుడు అమ్మాయి ఫోను పక్కన పెట్టింది.

నల్ల పొడి చరిత్ర ఉంది కాబట్టి లోహాల పరీక్ష కూడా చేశాను. 6 శాతం పెరాక్సైడ్ 20 మిల్లీలీటర్లు, గాఢమైన అమ్మోనియా 20 చుక్కలు, అందులో కత్తిరించిన చిన్న పాయ, అరగంట. లోహ లవణాలు ఉంటే రంగు చటుక్కున మారడమో, గిన్నె వేడెక్కి నురగ పొంగడమో జరుగుతుంది. ఇక్కడ ఏమీ జరగలేదు. చివరి నల్ల భాగంలో ఇంకో పాయకు 6 శాతంతో బ్లీచ్ వేసి నలభై నిమిషాలు ఉంచితే ముదురు ఇటుక రంగు దాకా వచ్చి ఆగింది. అంతకు మించి లాగితే తెగుతుంది. ఆ జానెడు మీద ఇక బ్లీచ్ వేయనని అప్పుడే చెప్పేశాను.

"నల్లగా వేసేయండమ్మా, పీడ వదులుతుంది" అన్నారు ఆవిడ. అందరూ అడిగేది అదే, చాలా పార్లర్లు చేసేదీ అదే. బ్లీచ్ అయిన జుట్టు మీద నేరుగా నలుపో గోధుమో వేస్తే మొదటి రోజు బాగుంటుంది. నాలుగు తలస్నానాలకు బురద పచ్చగా దిగుతుంది. సహజమైన జుట్టులో నలుపు కింద ఎరుపు, నారింజ పునాదిలా ఉంటాయి. బ్లీచ్ ఆ పునాదినీ తీసేసింది. ముందు ఎరుపును తిరిగి నింపి, దాని మీద ముదురు రంగు వేయాలి. "నల్లగా చేయడానికి ముందు ఎర్రగా చేస్తారా?" అని ఆవిడ నన్ను అనుమానంగా చూశారు.

అంతకంటే సులువైన దారి కూడా ఆవిడే చెప్పారు: "కొండకు వెళ్లి కల్యాణకట్టలో ఇచ్చేస్తే పోయె." అమ్మాయి కళ్లనీళ్లు పెట్టుకుంది. మొక్కు మొక్కే, దాన్ని దిద్దుబాటుకు వాడుకోవద్దని నేను అడ్డం పడ్డాను. కానీ ఒక మాట ఒప్పుకోవాలి. మొక్కు తీర్చుకున్న ఏడాదిన్నరకు జానెడు కొత్త జుట్టుతో వచ్చేవాళ్లంత హాయైన తలలు నాకు ఇంకేవీ ఉండవు. ఏ రంగూ, ఏ పొడీ తగలని వెంట్రుక. అడగాల్సిన గతమే ఉండదు. ఈ ఊళ్లో పని చేసే మాకు అలాంటి తలలు తరచుగా దొరుకుతాయి.

చేసింది, చేయకుండా ఉండాల్సింది

మొదటి రోజు రంగు ముట్టుకోలేదు. వాళ్ల ఇంటి బోరు నీళ్లు మగ్గుకు తెల్లటి పొర కట్టేంత గట్టివి. ఆ ఖనిజాలు వెంట్రుక మీద పేరుకుని ఉంటే ఏ రంగూ సమంగా పట్టదు. వాటిని వదిలించే షాంపూతో కడిగి, కండిషనర్ పెట్టి, కొసలు 6 సెంటీమీటర్లు కత్తిరించాను. పొక్కుల కోసం చర్మ వైద్యుడి దగ్గరికి పంపాను. మాడు మానిందని ఆయన చెప్పేదాకా రంగు లేదన్నాను. రెండు వారాలు పట్టింది.

పదిహేడో రోజున చెవి వెనక రంగు చుక్క పెట్టడానికి రమ్మన్నాను. రంగు చర్మానికి పడుతుందో లేదో చూసే ఈ పరీక్ష, రంగు వేసే 48 గంటల ముందు తప్పనిసరి. "దానికి వేసే రంగే నాకూ వేసేయండి, పెళ్లికి పనికొస్తుంది" అని ఆవిడ కూడా కూర్చున్నారు. ఇద్దరికీ చుక్క పెట్టాను. నోట్‌బుక్కు మూలన రాసుకున్నది ఆ క్షణంలో గుర్తు రాలేదు. వచ్చి ఉంటే చుక్క పెట్టకుండానే డాక్టరు దగ్గరికి పంపాల్సింది. మర్నాడు రాత్రి ఫోను. చెవి వెనక ఎర్రగా వాచి, మెడ దాకా దురద. కూతురికి ఏమీ లేదు.

పందొమ్మిదో రోజు అమ్మాయికి రంగు వేశాను. పసుపు, పచ్చ పాయలకు ముందు రాగి, బంగారు ఛాయల మిశ్రమం, అమ్మోనియా లేనిది, 2 శాతం కూడా లేని పలుచని డెవలపర్‌తో. ఆకుపచ్చను అణచేది ఎరుపే కాబట్టి పునాది నింపడం, పాచి రంగు పోగొట్టడం ఒకే దెబ్బకు అయ్యాయి. ఇరవై నిమిషాలకు ఆ పాయలు కొత్త రాగి చెంబులా మెరిశాయి. వాళ్ల అమ్మ ఆ రోజు రాకపోవడం మంచిదైంది. దాని మీద 4వ మెట్టు ముదురు గోధుమ. ఇటుక రంగు భాగానికి అదే మెట్టులో కాస్త నీలం కలిపి వేశాను. చివరి నల్ల భాగాన్ని అలాగే వదిలేశాను. పెళ్లికి పూలజడ వేస్తారు, ఆ కొసలన్నీ సవరంతో పాటు పూల కిందికి పోతాయి.

ఇక్కడ ఆగి ఉండాల్సింది. మెడ పైన మందు తగలని నల్ల జుట్టు ఉందని చెప్పాను కదా. 4వ మెట్టు పక్కన అది కాస్త నల్లగా కనిపించింది. రంగు మీద రంగు వేస్తే నలుపు తేలికపడదు, బ్లీచే వేయాలి. సన్నని పాయలుగా తీసి, 6 శాతంతో ఫాయిల్ పెట్టాను. కుడి చెవి వెనక ఒక పాయలో, నా కంటికి నల్లగానే కనిపించిన వెంట్రుకల్లో కొన్నింటికి ఇంట్లో వేసిన బ్లీచ్ ముందే తగిలి, మీద వేసిన రంగుతో కప్పబడి ఉంది. ఫాయిల్ విప్పేసరికి పెన్సిల్ మందాన పాయ చేతిలోకి వచ్చింది.

జడ లోపల ఎవరికీ కనిపించని చోట, ఎవరూ అడగని పని అది. అమ్మాయికి ఆ పాయ చూపించి చెప్పాను. ఆ పూటకు డబ్బు తీసుకోలేదు. మొదటి రోజు టేపు పెట్టి గతం కొలిచానని గొప్పగా చెప్పుకునే నేను, ఆ చెవి వెనక జుట్టు తడిపి ఒక్క వెంట్రుక లాగి చూడలేదు.

పెళ్లి బాగా జరిగింది. ఫొటోల్లో అక్క పక్కన నిలబడ్డ చెల్లెలి జుట్టు మామూలు ముదురు గోధుమ. ఎవరూ దాని గురించి మాట్లాడలేదు. నాకు కావలసిందీ అదే.

డబ్బు, ఇంకొన్ని మాటలు

ఇంట్లో ఆమెకు అయిన ఖర్చు 1,140 రూపాయలు. మా దగ్గర మూడు పూటలకు, వదిలేసిన పూట పోను, 8,600 రూపాయలు. డాక్టరు ఖర్చు వేరు. మొదటే వచ్చి ఉంటే ఆమె అడిగిన బూడిద రంగు నేను వేసేదాన్ని కాదు. ఏ రంగూ తగలని పై 30 సెంటీమీటర్లలో సన్నని తేనె రంగు పాయలు, 3,500 రూపాయలు, ఒక పూట. అది ఆమెకు నచ్చేదో లేదో వేరే సంగతి.

అందుకని ఇంట్లో ఏమీ చేయకూడదని నేను అనను. తెల్ల వెంట్రుకలకు అలవాటైన రంగును, అదే మెట్టును, కుదుళ్ల వరకే, చెవి వెనక పరీక్ష చేసుకుని వేసుకునేవాళ్లు హాయిగా వేసుకోవచ్చు. అసలైన గోరింటాకు పొడి వేసుకోవచ్చు. కడిగితే క్రమంగా పోయే పైపూత రంగులు పండగకో ఫంక్షన్‌కో వేసుకోవచ్చు. నల్ల జుట్టు మొత్తానికి బ్లీచ్ మాత్రం వద్దు. వెనక తల మనకు కనిపించదు, రెండు చేతులు చాలవు, ఆపాల్సిన క్షణం ఒక్కొక్క పాయకు ఒక్కొక్కటి.

పార్లర్ అన్న బోర్డు ఉంటే చాలని కూడా అనను. చెవి వెనక చుక్క పెట్టకుండానే రంగు కలిపే చోట్లు మా ఊళ్లోనే ఉన్నాయి. మొదటి రెండేళ్లు నేనూ పెట్టలేదు, నా అదృష్టం బాగుండి ఏమీ కాలేదు. ధర చెప్పే ముందు "ఇంతకు ముందు ఏమి వేశారు" అని అడగని చోట కుర్చీలో కూర్చోవద్దు. అడిగితే నిజం చెప్పండి. మిగిలిన మెహెందీ పూసిన సంగతి కూడా.

అయిదో నెల

అక్టోబరులో అమ్మాయి వచ్చింది. కుదుళ్ల నుంచి 6 సెంటీమీటర్ల కొత్త నలుపు. చివరి నల్ల పొడి భాగం రెండు విడతల్లో కత్తిరించేశాం. చెవి వెనక తెగిన చోట బొటనవేలంత పిలక లేచి నిలబడుతోంది. క్లిప్పు పెట్టుకుంటోంది. మళ్లీ రంగు కావాలా అని నేను అడగలేదు, తనూ ఎత్తలేదు.

ఈసారి అసలు పని వాళ్ల అమ్మది. చెవి వెనక వాపు చూసిన డాక్టరు ప్యాచ్ టెస్టు చేసి, ఆవిడకు పీపీడీ పడదని తేల్చారు. ఏళ్ల తరబడి వేడి అనుకున్నది అదే. తొమ్మిదేళ్లుగా నెలకోసారి ఆ పొడి వేసుకుంటున్నారు. సంచీలోంచి ఖాళీ ప్యాకెట్ తీసి నా ముందు పెట్టారు. పీపీడీ ఉన్న రంగుల మీద, కొందరి చర్మానికి పడకపోవచ్చని, ముందు పరీక్షించుకోవాలని, కనుబొమలకు, కనురెప్పలకు వాడవద్దని హెచ్చరిక వేయాలన్నది మన చట్టం. వెతికితే ప్యాకెట్ వెనక, అతుకు మడతలో, ఆవగింజంత అక్షరాల్లో ఉంది. కనుబొమలు దిద్దేటప్పుడు వాడే భూతద్దం ఇచ్చాను. ఆవిడ మొత్తం చదివారు.

"మరి ఈ తెల్లవాటి సంగతి ఏమిటి?" అన్నారు పాపిడి చూపిస్తూ. నుదుటి నలుపు కొంచెం తగ్గింది, పాపిడి వెంట తెలుపు బాగా పెరిగింది. వట్టి గోరింటాకు వేసి, ఆ తర్వాత నీలి ఆకు పొడి వేస్తే నలుపుకు దగ్గరగా వస్తుంది, అరగంటలో కాదు, ఒక పూటంతా పడుతుందని చెప్పాను. పొడి ప్యాకెట్లు ముందు డాక్టరుకు చూపించమన్నాను. ఆయన సరేనంటే ఈ నెలాఖరున మోచేతి మడతలో పరీక్ష పెట్టాలి.